కూలింగ్‌లో ఉన్న పసిబిడ్డ తల దగ్గర ఆ రెండు పట్టీలు: ఎవరైనా చెప్పగలరా?

బాపట్ల మేనమామ (కొత్త సభ్యుడు) | బుధవారం, తెల్లవారుజాము 2:10

ఇలాంటి విషయం ఇక్కడ అడగవచ్చో లేదో తెలియదు. నిద్ర రావడం లేదు కాబట్టి అడుగుతున్నాను.

మా అక్కకు నిన్న సాయంత్రం నాలుగింటికి కాన్పు అయింది. చివర్లో బిడ్డ గుండె వేగం పడిపోతోందని హడావుడిగా ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. పుట్టగానే ఏడవలేదు. గొట్టం వేసి ఊపిరి అందించారు. అంబులెన్స్‌లో ఈ ఊరికి చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర. ఊపిరి అందక మెదడుకు తగిలిన దెబ్బ పెరగకుండా అని, తొమ్మిదికి కూలింగ్, అంటే ఒళ్ళు చల్లబరచడం, మొదలుపెట్టారు. ఒంటి వేడి 33.5 డిగ్రీల దగ్గర 72 గంటలు ఉంచుతామన్నారు. బావ అక్కడ అక్క దగ్గర ఉన్నాడు, ఇక్కడ నేను ఒక్కడినే.

పది నిమిషాలు లోపలికి రానిచ్చారు. పాదం ముట్టుకుంటే మట్టికుండ అడుగు పట్టుకున్నట్టు చల్లగా ఉంది. తలకు రెండు వైపులా తీగలు, పైన గుడ్డ టోపీ. పక్కన చిన్న తెర. అందులో ఒకదాని కింద ఒకటి రెండు వెడల్పాటి పట్టీలు. గుండె రేఖలా ఎగిరెగిరి పడటం లేదు, గోడకు సున్నం వేసిన కుంచె గీతల్లా ఉన్నాయి. డ్యూటీ డాక్టరు వాటిని చూసి "ఇంకా చూడాలి" అని వెళ్ళిపోయారు. ఏమి చూడాలి? ఎంతసేపు చూడాలి?

రాత్రి డ్యూటీ | 2:41

తమ్ముడూ, నేను నవజాత శిశువుల ఐసీయూలో నర్సుని. పదకొండేళ్ళుగా ఇదే పని. ముందు కాస్త నీళ్ళు తాగు.

ఆ తెరను మేము ఏఈఈజీ అంటాం. బిడ్డ తలలో పుట్టే విద్యుత్తును లెక్కగట్టి గీస్తుంది. పెద్దవాళ్ళకు ఈఈజీ తీసేటప్పుడు తలంతా తీగలు పెడతారు చూడు, ఇక్కడ అన్ని ఉండవు. కుడి వైపు రెండు, ఎడమ వైపు రెండు, మరొకటి. అందుకే పట్టీలు కూడా రెండే. ఒకటి ఎడమ మెదడు, ఒకటి కుడి మెదడు.

అవి అతికించడం ఎంత పనో నీకు తెలియదు. పుట్టిన పిల్ల తలకు తెల్లటి మైనం లాంటిది అంటుకుని ఉంటుంది. దాన్ని తుడిచి, గరుకు జెల్ రాసి, తడి ఆరాక అతికించాలి. గట్టిగా రుద్దితే తోలు లేస్తుంది, మెల్లగా రుద్దితే అతుకు ఎంత బాగుందో చెప్పే అంకె సరిగా రాదు. అతుకు సరిగా లేకపోతే ఆ తెర చెప్పేదంతా అబద్ధమే. అందుకే మేము గంటకోసారి ముందు అతుకు అంకె చూసి, తర్వాతే పట్టీ చూస్తాం.

"ఇంకా చూడాలి" అంటే తప్పించుకోవడం కాదు. నిజంగానే ఇంకా చూడాలి.

బాపట్ల మేనమామ | 6:05

[ఫోటో తొలగించబడింది]

ఇది ఇప్పుడే తీశాను. ఎవరైనా చూసి చెప్పండి, బాగుందా లేదా.

నిర్వాహకుడు | 6:20

ఫోటోలో బిడ్డ పేరు పట్టీ, ఆసుపత్రి నంబరు కనిపిస్తున్నాయి కాబట్టి తీసేశాను. మరో మాట కూడా. ఒక్క ఫోటో చూసి ఇక్కడ ఎవరూ జాతకం చెప్పవద్దు. ఆ తెర ఎలా పని చేస్తుందో చెప్పండి, చాలు.

నాలుగో అంతస్తు | 7:32

పిల్లల డాక్టరుని, ఎక్కువ కాలం నవజాత శిశువుల విభాగంలోనే పని చేశాను. మీ బిడ్డను నేను చూడలేదు, కాబట్టి నా మాటలు ఆ తెర గురించే.

ప్రతి పట్టీకి ఒక పై అంచు, ఒక కింది అంచు ఉంటాయి. పక్కన మైక్రోవోల్టుల కొలత ఉంటుంది. నెలలు నిండిన బిడ్డలో కింది అంచు 5కు పైన, పై అంచు 10కి పైన ఉంటే మామూలుగా ఉన్నట్టు. కింది అంచు 5 కంటే కిందికి జారి, పై అంచు మాత్రం 10 దాటి ఉంటే మధ్యస్థం. రెండూ అడుగుకు అణిగిపోతే మెదడు బాగా నీరసించిందని అర్థం. ఇది మొదటి చూపు మాత్రమే. పట్టీ ఆకారం కూడా చూస్తాం. అడుగున సన్నటి గీత, దాని మీద దువ్వెన పళ్ళలా అక్కడక్కడ లేచే గీతలు ఉంటే, మెదడు కాసేపు మౌనంగా ఉండి ఉన్నట్టుండి ఒక్క కేక వేసి మళ్ళీ మౌనంగా ఉంటోందన్నమాట. అది మంచి గుర్తు కాదు.

అసలు విషయం గడియారం. కూలింగ్ రాకముందు, పుట్టిన 3 నుంచి 6 గంటల మధ్య పట్టీ చూసి బిడ్డ భవిష్యత్తు చాలావరకు ఊహించేవారు. 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆ వేళకు పట్టీ చెడుగా ఉంటే, చల్లబరచని పిల్లల్లో ఆ ఊహ 84 శాతం నిజమైంది. చల్లబరిచిన పిల్లల్లో 59 శాతమే. బాగుపడే పిల్లల్లో పట్టీ మామూలు స్థితికి రావడానికి కూలింగ్ లేకపోతే 24 గంటలు, కూలింగ్ ఉంటే 48 గంటల వరకు పట్టవచ్చని తేలింది. ఈ గంటలు కూలింగ్ మొదలైనప్పటి నుంచి కాదు, పుట్టినప్పటి నుంచి. మీకు గురువారం సాయంత్రం నాలుగు.

అంతవరకు పదిసార్లు ఆ తెర ముందు నిలబడి మీ గుండె పాడు చేసుకోకండి.

లెక్క తేలాలి | 9:14

అందరూ కూలింగ్ అంటే అమృతం అన్నట్టు రాస్తున్నారు. 2021లో వచ్చిన హీలిక్స్ అనే అధ్యయనం ఫలితాలు ఎవరూ ఎందుకు చెప్పరు? భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలో 408 మంది పిల్లల మీద చేశారు. చల్లబరిచిన వారిలో 42 శాతం, చల్లబరచని వారిలో 31 శాతం చనిపోయారు. మన దగ్గర పని చేయనిదాన్ని మన పిల్లల మీద చేసి, దానికి తోడు మెదడు తెర పెట్టి బిల్లు వేస్తున్నారు.

చిన్నూ వాళ్ళమ్మ | 9:30

అయ్యా, మీకు లెక్కలు బాగా వచ్చు, సంతోషం. పదిహేడు గంటల పసిపిల్ల లోపల ఉంటే, బయట బెంచీ మీద కూర్చున్న మేనమామకు చెప్పే మాట ఇదా? వేరే చర్చ తెరిచి అక్కడ పోట్లాడండి, నేనూ వస్తాను.

నాలుగో అంతస్తు | 13:05

వేళ తప్పే. అంకెలు తప్పు కాదు. అడిగారు కాబట్టి చెప్పకుండా దాటేయడం నాకు ఇష్టం లేదు.

హీలిక్స్ నిజం. 2005లో వచ్చిన కూల్‌క్యాప్, అదే ఏడాది అమెరికాలోని అధ్యయనం, 2009లో వచ్చిన టోబీ, ఇవన్నీ ఎక్కువగా సంపన్న దేశాల ఆసుపత్రుల్లో జరిగాయి. 11 అధ్యయనాలను, 1505 మంది పిల్లలను కలిపి 2013లో చూస్తే, ఏడుగురిని చల్లబరిస్తే ఒకరికి మరణం లేదా పెద్ద వైకల్యం తప్పుతుందని తేలింది. మన ప్రాంతంలో అదే మేలు ఎందుకు కనిపించలేదన్న దాని మీద వాదనలు నడుస్తున్నాయి. దెబ్బ తగిలింది కాన్పు గంటలోనా, అంతకు ముందేనా అన్నది వాటిలో ఒకటి. నా మటుకు నేను హీలిక్స్ తర్వాత మారాను. బిడ్డకు వెంటిలేటర్, లోపలి ఉష్ణోగ్రతను ఆగకుండా కొలిచే ప్రోబ్, రాత్రి మూడింటికి కూడా రక్త వాయు పరీక్ష చేసే మనిషి, ఫిట్స్‌ను పసిగట్టే తెర, ఈ నాలుగూ లేని చోట చల్లబరచను. ఐస్ ప్యాకులు పెట్టి దేవుడికి దండం పెట్టే కూలింగ్‌కు నేను వ్యతిరేకిని.

అంటే తెర బిల్లు కోసం పెట్టింది కాదు. కూల్‌క్యాప్, టోబీ రెండింటిలోనూ ఏ బిడ్డను తీసుకోవాలో నిర్ణయించడానికే ఏఈఈజీ వాడారు.

సోల్డరింగ్ | 14:20

ఆసుపత్రి యంత్రాలు బాగుచేసే వాడిని. డాక్టర్ల మాటల మధ్య ఒక మెకానిక్ మాట.

ఈ పెట్టె పసిపిల్లల కోసం పుట్టలేదు. 1960లలో లండన్‌లో మేనార్డ్, ప్రయర్ అనే ఇద్దరు, గుండె ఆగి బతికిన పెద్దవాళ్ళ కోసం దీన్ని తయారు చేశారు. స్వీడన్ వాళ్ళు, తర్వాత నెదర్లాండ్స్ వాళ్ళు పసిపిల్లల మంచం దగ్గరికి తెచ్చారు. లోపల చేసే పని చాలా మొరటుది. 2 నుంచి 15 హెర్ట్జ్ దాకా ఉన్న అలలను ఉంచి మిగతావి వడకట్టేస్తుంది, కిందికి పోయే అలను పైకి తిప్పేస్తుంది, గంటసేపటి పనిని 6 సెంటీమీటర్లలోకి నొక్కేస్తుంది. కొలత కూడా 10 వరకు సమానంగా ఉండి, ఆ పైన 100 వరకు కుదించి ఉంటుంది. అందుకే పట్టీ పైభాగంలో పెద్ద మార్పు కూడా చిన్నదిగా కనిపిస్తుంది.

నొక్కేటప్పుడు చెత్త కూడా కలిసి నొక్కుకుపోతుంది. ఒకసారి ఒక ఆసుపత్రిలో పట్టీ కింది అంచు 7 దగ్గర హాయిగా ఉంది. అందరూ నెమ్మదించారు. ఒక పెద్ద నర్సమ్మ మాత్రం అడుగున ఉండే, ఇంకా నొక్కని అసలు అలను పెద్దది చేసి చూసింది. సన్నటి సూది మొనలు, సమాన దూరంలో. పక్కనున్న గుండె రేఖతో సరిపోల్చితే సరిగ్గా దాని లయే. మెదడు దాదాపు మౌనంగా ఉంది. తెర గీస్తున్నది గుండెను! అప్పటి నుంచి పట్టీని ఒంటరిగా నమ్మే మనిషిని నేను నమ్మను. హైఫ్రీక్వెన్సీ వెంటిలేటర్ వణుకు, బిడ్డ చలికి వణకడం, ఎవరో వీపు తట్టడం, అన్నీ పట్టీని పైకి లేపుతాయి.

రాత్రి డ్యూటీ | 14:48

అందుకే డైపర్ మార్చినా, గొంతు కఫం లాగినా బటన్ నొక్కి గుర్తు పెడతాం. మర్నాడు డాక్టరు వచ్చి "ఐదూ పదికి ఈ కొండ ఏమిటి" అని అడిగితే జవాబు ఉండాలి.

బాపట్ల మేనమామ | బుధవారం, సాయంత్రం 5:22

ఫిట్స్ వచ్చాయి. నాలుగింటికి నేను లోపల ఉన్నప్పుడే. సైకిలు తొక్కినట్టు కాళ్ళు ఆడించింది, పెదవులు చప్పరించింది. పాలకు ఆకలేమో అనుకున్నాను. నర్సు చూసి పరుగెత్తింది. ఫీనోబార్బిటోన్ ఇచ్చారు. కాళ్ళు ఆగాయి. నేను ఊపిరి పీల్చుకున్నాను. అరగంట తర్వాత డాక్టరు తెర చూసి మరో మోతాదు ఇవ్వమన్నారు. బిడ్డ కదలకుండా పడుకుని ఉంటే మళ్ళీ ఎందుకు?

నాలుగో అంతస్తు | 18:10

మంచం దగ్గర తెర ఉండటానికి అన్నిటికంటే పెద్ద కారణం మీరే రాశారు.

పసిపిల్లల్లో మందు పడ్డాక కాళ్ళూ చేతులూ ఆగిపోయి, లోపల మెదడులో మాత్రం ఫిట్ నడుస్తూనే ఉండటం తరచుగా జరుగుతుంది. కళ్ళతో చూస్తే నిద్రపోతున్న బిడ్డ. పట్టీలో మాత్రం కింది అంచు హఠాత్తుగా పైకి లేస్తుంది, మళ్ళీ దిగుతుంది, మళ్ళీ లేస్తుంది. ఆగకుండా సాగితే రంపం పళ్ళలా కనిపిస్తుంది. అనుమానం వస్తే అసలు అలను తెరిచి చూస్తారు. ఒకే ఆకారం అల మళ్ళీ మళ్ళీ వస్తుంటే అది ఫిట్. మొదటి మోతాదు మామూలుగా కిలోకు 20 మిల్లీగ్రాములు. సరిపోకపోతే మరికొంత ఇస్తారు. మీ డాక్టరు కాళ్ళను కాకుండా మెదడును చూసి మందు ఇచ్చారు.

దీనికీ హద్దులున్నాయి. అర నిమిషం కంటే తక్కువ ఉండే ఫిట్‌ను, తీగలకు దూరంగా మొదలయ్యే ఫిట్‌ను ఈ రెండు పట్టీలు వదిలేస్తాయి. తలంతా తీగలు పెట్టి తీసే పూర్తి ఈఈజీ అన్నిటికంటే నమ్మకమైనది. రాత్రంతా దాన్ని చదివే మనిషి ఎన్ని ఊళ్ళలో దొరుకుతారు?

ఐర్లండ్ చలి | 21:40

కార్క్‌లో ఉంటాను, ఇక్కడ నర్సుని. ఆ చదివే మనిషి కొరత ఇక్కడా ఉంది. ఈ ఊరి విశ్వవిద్యాలయం వాళ్ళే పసిపిల్లల ఫిట్స్‌ను పసిగట్టే కంప్యూటర్ పద్ధతి ఒకటి తయారు చేసి, అనేక దేశాల ఆసుపత్రుల్లో పరీక్షించి 2020లో ప్రచురించారు. ఫిట్స్ ఉన్న పిల్లలను గుర్తించడంలో పెద్ద తేడా రాలేదు. ఫిట్స్ నడిచిన గంటలను గుర్తించడంలో మాత్రం తేడా వచ్చింది. కంప్యూటర్ తోడుంటే 66 శాతం గంటలు దొరికాయి, లేకపోతే 45. అలారం మోగితే మనిషి వెళ్ళి చూడాల్సిందే.

బాపట్ల మేనమామ | గురువారం, ఉదయం 6:12

రాత్రంతా పట్టీలు అడుగుకు పడిపోయి ఉన్నాయి. నిన్న మధ్యాహ్నం కంటే అధ్వానం. బావకు ఫోను చేసి ఏమి చెప్పాలో తెలియక అబద్ధం చెప్పాను.

ఒక్కటే ఊరట. నుదుటి మీద చిన్న స్టిక్కరు లాంటిది అంటించారు, మెదడులో ఆక్సిజన్ చూపిస్తుందట. నిన్న 74 ఉండేది, ఇప్పుడు 88. పెరిగింది కదా?

నాలుగో అంతస్తు | 7:05

రెండూ తిరగేసి చదివారు.

పట్టీలు కుంగడానికి నిన్నటి రెండు మోతాదులే కారణం కావచ్చు. ఫీనోబార్బిటోన్, మార్ఫిన్, మిడజోలమ్, అన్నీ మెదడు అలలను అణచివేస్తాయి. పైగా చల్లబడ్డ ఒంట్లో కాలేయం మందును నెమ్మదిగా కరిగిస్తుంది. మామూలుగా కొన్ని గంటల్లో తగ్గాల్సిన ప్రభావం ఇంకా సాగుతుంది. మందు పడ్డాక పడిపోయిన పట్టీని, మందు లేకుండానే పడి ఉన్న పట్టీని ఒక గాటన కట్టకూడదు.

నుదుటి అంకె వేలికి పెట్టే అంకె లాంటిది కాదు. మెదడులోకి వెళ్ళిన ఆక్సిజన్‌లో వాడుకోగా రక్తంలో ఎంత మిగిలిందో అది చూపిస్తుంది. వంటింట్లో బియ్యం డబ్బా నిండుగా ఉందంటే ఇంట్లో సమృద్ధి అని అర్థం కావచ్చు, తినేవాళ్ళు లేరనీ కావచ్చు. మొదటి రోజు దాటాక అది మరీ పైకి పోతే మేము సంతోషించం. అయితే చలి, మత్తు మందులు కూడా వాడకాన్ని తగ్గించి అంకెను పెంచుతాయి. కాబట్టి ఇప్పుడు దాన్ని చూసి సంతోషమూ వద్దు, దుఃఖమూ వద్దు. డాక్టరుని ఒకటే అడగండి: "చివరి మందు ఎప్పుడు ఇచ్చారు, దాని తర్వాత పట్టీ ఎటు పోతోంది?"

చిన్నూ వాళ్ళమ్మ | 8:50

మేనమామ గారూ, బావగారికి అబద్ధం చెప్పకండి. నాకూ మా వాళ్ళు చెప్పారు. మూడో రోజు నిజం తెలిసినప్పుడు, బిడ్డ గురించి ఏడవాలో వాళ్ళ మీద కోప్పడాలో తెలియలేదు.

మా చిన్నూకు ఇప్పుడు నాలుగేళ్ళు. వాడి పట్టీ 48 గంటలకు లేవలేదు, 60కి కూడా లేవలేదు. మూడో రోజు డాక్టరు నన్ను కూర్చోబెట్టి, వేలితో తెర మొదటి నుంచి చివరి దాకా చూపిస్తూ చెప్పారు. ఆ కాగితం ఇంకా నా బీరువాలో ఉంది. వాడికి సెరిబ్రల్ పాల్సీ. కాళ్ళకు ఆసరా బ్రేసులు కట్టుకుని వాకర్‌తో నడుస్తాడు. మాట ఆలస్యంగా వచ్చింది, ఇప్పుడు ఆపడం కష్టం. నిన్న ఆ పెద్దమనిషితో పోట్లాడింది మాకు అంతా బాగైందని కాదు. ఆ మూడు రోజుల్లో తెలిసింది కాబట్టే, మూడో నెల నుంచే జిల్లా ఆసుపత్రిలోని సత్వర చికిత్సా కేంద్రానికి తీసుకెళ్ళాను. మా ఆడపడుచు "ఇంత పసివాడికి వ్యాయామాలేమిటి" అని నవ్వింది. నవ్వనివ్వండి.

బాపట్ల మేనమామ | గురువారం, మధ్యాహ్నం 1:35

బావకు ఫోను చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

ఒంటి గంటకు కింది అంచు 5 గీత దాటింది. నేను చూసి చెప్పడం కాదు, డాక్టరే పిలిచి చూపించారు. అసలు అల కూడా తెరిచి చూశారు, గుండె లయ కాదట. సోల్డరింగ్ గారూ, మీరు చెప్పింది నేనే అడిగాను. డాక్టరు నవ్వి "ఎవరు చెప్పారు నీకు" అన్నారు.

సోల్డరింగ్ | 13:50

ఒక మెకానిక్ అని చెప్పండి.

లెక్క తేలాలి | 16:02

45వ గంట. 48 లోపలే. మంచిదే. నిన్నటి నా మాట వేళకు తప్పిందని ఒప్పుకుంటున్నాను. మాట మీద మాత్రం ఉన్నాను.

బాపట్ల మేనమామ | శుక్రవారం, ఉదయం 10:25

పట్టీ ఇప్పుడు ఊపిరి తీస్తున్నట్టుంది. కాసేపు వెడల్పు, కాసేపు సన్నం, మళ్ళీ వెడల్పు. అక్కను నిన్న రాత్రి ఇక్కడికి తెచ్చారు. తెర చూసి భయపడి నర్సును పిలిచింది. నర్సు "ఏమీ లేదమ్మా, మీ పాప నిద్రపోవడం నేర్చుకుంటోంది" అంది.

రాత్రి డ్యూటీ | 10:40

ఆ అలను చూసిన రోజు నేను ఇంటికి వెళ్ళి పడుకుంటాను, నాకు కూడా నిద్ర వస్తుంది. నిద్ర, మెలకువ వంతులు వేసుకుంటున్నాయంటే, మెదడు లోపల వేర్వేరు భాగాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నట్టే. కూలింగ్‌లో ఇది ఆలస్యంగా వస్తుంది.

ఇవాళ రాత్రి తొమ్మిదికి వేడి చేయడం మొదలుపెడతారు కదా. గంటకు అర డిగ్రీ చొప్పున అయితే తెల్లవారుజాము మూడు దాకా పడుతుంది. అంతకంటే తొందర పెట్టరు, మీరూ తొందర పెట్టకండి. ఆ గంటల్లో ఫిట్స్ తిరగబెట్టవచ్చు. తీగలు అప్పుడే ఎందుకు తీయలేదని అక్కను అడగనివ్వకు. వేడెక్కాక కూడా కొంతసేపు ఉంచుతారు. ఇంకో సంగతి, ఇప్పుడు గుండె నిమిషానికి 90, 100 కొడుతూ ఉండి ఉంటుంది, చలి వల్ల. వేడెక్కే కొద్దీ పెరుగుతుంది. అది చూసి మళ్ళీ ఇక్కడికి పరుగెత్తుకు రావద్దు.

బాపట్ల మేనమామ | మంగళవారం, సాయంత్రం 6:48

ఆలస్యానికి క్షమించండి. వేడి చేసేటప్పుడు, రాత్రి రెండున్నరకు, ఒకసారి పట్టీ లేచింది. నాకు కాళ్ళు ఆడలేదు. తీరా చూస్తే నర్సు బిడ్డను పక్కకు తిప్పిందట, గుర్తు కూడా పెట్టింది. వెంటిలేటర్ ఆదివారం తీశారు. నిన్న ఎంఆర్‌ఐ. మెదడు నడుమ లోతుగా ఉండే భాగాలు బాగున్నాయన్నారు, తెల్లపదార్థంలో కొద్దిగా మార్పు ఉందన్నారు. రెండేళ్ళ వరకు మానకుండా చూపించాలన్నారు. చిన్నూ వాళ్ళమ్మ గారూ, మీరు చెప్పిన కేంద్రం మా జిల్లాలో ఎక్కడో కనుక్కున్నాను.

ఈ పూట గొట్టంతో అక్క పాలు 10 మిల్లీలీటర్లు పట్టారు.

రాత్రి డ్యూటీ గారికి ఒక ప్రశ్న. తలకు రెండు వైపులా, నుదుటి మీద చతురస్రంగా ఎర్రటి మచ్చలు పడ్డాయి, జిగురు కూడా ఉంది. ఎలా పోతుంది? అక్క ఆ నుదుటి మచ్చ కనబడకుండా దాని మీదే దిష్టి చుక్క పెడతానంటోంది.

రాత్రి డ్యూటీ | 19:15

జిగురు గోకకండి. దూదిని కొబ్బరినూనెలో ముంచి కాసేపు ఆనించి ఉంచితే దానంతట అదే వస్తుంది. ముందు అక్కడి నర్సును అడిగి చేయండి. ఎరుపు కొన్ని రోజుల్లో పోతుంది.

మచ్చ మీద చుక్క వద్దు, తోలు ఇంకా పచ్చిగా ఉంటుంది. అరికాలికి పెట్టమను.